బహ్రెయిన్ లేబర్ చట్టం నెట్‌లో ఎక్కడ దొరుకుతుంది, దొరికింది అసలుదేనని ఎలా తెలుస్తుంది

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీ ఆయన 2017 మార్చి ఒకటిన బహ్రెయిన్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో చేరారు, ఎనిమిదేళ్లు దాటింది, ఇక పని మానేసి కంచిలి వచ్చేయాలనుకుంటున్నారు. పని మానేసేటప్పుడు సర్వీసుకు లెక్కకట్టి ఇచ్చే గ్రాట్యుటీ అడిగితే కంపెనీవాళ్లు "గ్రాట్యుటీ ఇప్పుడు గవర్నమెంటే ఇస్తుంది, మేం ఇచ్చేది ఏమీ లేదు" అంటూ ఒక కాగితం మీద సంతకం అడుగుతున్నారు. ఏజెంటేమో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి ఏడాదికి 21 రోజుల జీతం వస్తుందన్నాడు. అసలు చట్టం ఏం చెప్తుందో మీరే చూద్దామని నెట్‌లో వెతికితే సగం అరబ్బీ, సగం లాయర్ ఆఫీసుల ప్రకటనలు వచ్చాయి. "నాది తెలుగు మీడియం డిగ్రీ, ఇది నాకు అయ్యే పనేనా" అని చివర్లో అడిగారు.

అవుతుంది. నేను గల్ఫ్‌లో ఒక కంపెనీ అడ్మిన్ సెక్షన్‌లో చాలా ఏళ్లు చేసి వచ్చాను, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటూ ఇలాంటి కాగితాలే చూస్తుంటాను, లాయర్‌ని కాను. చట్టం చదివి చెప్పడం లాయర్ పని కావచ్చు గానీ, చట్టం ఎక్కడుందో పట్టుకోవడం ఓపిక ఉన్న ఎవరైనా చేయగలిగిన పని.

ముందు ఆ పీడీఎఫ్‌ని పక్కన పెట్టేయండి. ఏడాదికి 21 రోజుల లెక్క యూఏఈది, అంటే దుబాయ్, అబుదాబి, షార్జా ఉన్న దేశానిది. అక్కడ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. బహ్రెయిన్ వేరే దేశం, దాని లెక్క వేరు. మన వైపు కువైట్ వెళ్లినా మస్కట్ వెళ్లినా దుబాయ్ వెళ్లాడనే అనేస్తాం, మాటల్లో అయితే పరవాలేదు గానీ డబ్బు దగ్గర ఆ అలవాటు వల్ల కుటుంబాలు నష్టపోతున్నాయి, ఒక దేశం రూలు చూసుకుని ఇంకో దేశం కంపెనీతో గొడవపడితే వాళ్లు ఒక్క మాటలో కొట్టిపారేస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే నిజమైన విషయం కూడా వినరు.

ఇక నుంచి ఎవరు ఏ పీడీఎఫ్ పంపినా ఐదు సంగతులు చూడండి: ఏ దేశం, చట్టం నంబర్ ఎంత, ఏ సంవత్సరం, ఎన్నో ఆర్టికల్, ఎప్పటి నుంచి అమల్లో ఉంది. ఇవి లేని కాగితం ఎంత అందంగా టైపు చేసి ఉన్నా అది ఎవరో చెప్పిన మాటే. నంబరూ సంవత్సరమూ చేతికి వస్తే మాత్రం సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఆ రెండూ ఏ భాషలోనైనా మారవు, అరబ్బీ అక్షరం ముక్క రాకపోయినా ఆ అంకెలతో అసలు పాఠం దాకా వెళ్లిపోవచ్చు.

చిన్న దేశం కాబట్టి ఏమీ దొరకదని భయపడుతున్నట్టున్నారు. నిజానికి ఒక విషయంలో అది సులువు. మన దగ్గర కేంద్రం చట్టం, రాష్ట్రం చట్టం, మళ్లీ వాటి కింద రూల్స్, ఏది వర్తిస్తుందో తేల్చడానికే తల ప్రాణం తోకకొస్తుంది. బహ్రెయిన్‌లో రాష్ట్రాలు లేవు, ఒకటే గెజిట్, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లందరికీ ప్రధానంగా ఒకటే లేబర్ చట్టం. కష్టం ఇంకో చోట ఉంది. అలాంటి దేశం గురించి రాసేవాళ్లు తక్కువ, అందుకని ఎప్పుడో రాసిన పాత సమాచారం ఏళ్ల తరబడి గూగుల్‌లో మొదటి వరసలోనే కూర్చుంటుంది, దాన్ని సరిచేసే కొత్త పేజీ రాదు.

నంబర్ ఎలా దొరుకుతుందంటే, నేనైతే ఎప్పుడూ అంతర్జాతీయ కార్మిక సంస్థ నడిపే నాట్‌లెక్స్ (NATLEX) అనే సైటుతో మొదలుపెడతాను. ఐఎల్‌ఓ అంటారు చూడండి, జెనీవాలో ఉంటుంది, వాళ్లదే. అందులో దేశం పేరు నొక్కితే ఆ దేశం లేబర్ చట్టాలు, వీసా చట్టాలు, సోషల్ ఇన్సూరెన్స్ చట్టాలు విడివిడిగా వస్తాయి, ఒక్కోదానికి నంబర్, తేదీ, దేన్ని మార్చింది, దేన్ని రద్దు చేసింది అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కొన్నింటికి పూర్తి పాఠం కూడా ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొత్తవి చేర్చడంలో ఆలస్యం అవుతుంది కాబట్టి అదే ఆఖరి మాట అనుకోకండి, నంబర్ పట్టుకోవడానికి మాత్రం దాన్ని మించింది నాకు తెలీదు. బహ్రెయిన్ దగ్గర చూస్తే మీకు కావాల్సిన చట్టం కనబడుతుంది: 2012 సంవత్సరం, 36వ నంబర్, ప్రైవేటు రంగ లేబర్ చట్టం.

అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అని ఉంది, వాళ్లు గైడ్ టు లా ఆన్‌లైన్ అని దేశం వారీగా ఒక్కో పేజీ పెట్టారు, పార్లమెంటు సైటు, కోర్టుల సైటు, గెజిట్ ఎక్కడున్నాయో లింకులు ఒక్క చోటే ఉంటాయి. ఏది నిజంగా ప్రభుత్వ సైటు, ఏది ఎవరో ప్రైవేటుగా పెట్టుకున్నది అనే అనుమానం వస్తే అక్కడ చూసుకోండి. న్యూయార్క్ యూనివర్సిటీ లా స్కూలువాళ్ల గ్లోబలెక్స్‌లో ఒక్కో దేశం న్యాయవ్యవస్థ మీద పెద్ద వ్యాసం ఉంటుంది, అంత ఇంగ్లీషు చదవలేకపోతే వదిలేయండి, మీ పనికి అది తప్పనిసరి కాదు.

ఇప్పుడు అసలు చోటు. బహ్రెయిన్ ప్రభుత్వంలో లెజిస్లేషన్ అండ్ లీగల్ ఒపీనియన్ కమిషన్ అని ఉంది, పొట్టిగా ఎల్‌ఎల్‌ఓసీ అంటారు. ఆ దేశం చట్టాలను ఒక చోట పెట్టే ప్రభుత్వ సైటు వాళ్లదే. ప్రధానమైన పాఠం అరబ్బీలో ఉంటుంది, ముఖ్యమైన చట్టాలకు ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టారు. 36, 2012 అని వెతకండి. రెండూ దించుకోండి, అరబ్బీదీ ఇంగ్లీషుదీ. ఇంగ్లీషు మీరు చదువుకోవడానికి, అరబ్బీది ఎదుటివాడికి చూపించడానికి. అక్కడి ఆఫీసుల్లో, కోర్టులో చెల్లేది అరబ్బీ పాఠమే, అనువాదంలో ఏదైనా తేడా ఉంటే అరబ్బీలో ఉన్నదే నిలుస్తుంది.

అరబ్బీ పేజీలో ఎక్కడున్నామో తెలియడానికి ఒక నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఖానూన్ అంటే పార్లమెంటు దాటి వచ్చిన చట్టం. మర్సూమ్ బి ఖానూన్ అంటే పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు రాజు ఇచ్చేది, మన ఆర్డినెన్సు లాంటిది. మర్సూమ్ అంటే రాజు ఉత్తర్వు, ఖరార్ అంటే మంత్రో ఏదైనా శాఖో ఇచ్చే ఆదేశం. మాద్దా అని అంకె ముందు ఉంటే అది ఆర్టికల్. వీటిలో ఖరార్లను చాలామంది వదిలేస్తారు, మన మనుషుల రోజువారీ బతుకు ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదనే రూలు ఉంది కదా, మీ ఆయనకు బాగా తెలిసే ఉంటుంది. గంటలూ నెలలూ చట్టంలో వెతికితే దొరకవు, మంత్రి ఆదేశంలో ఉంటాయి. మొదట్లో జూలై, ఆగస్టు రెండు నెలలే ఉండేది, 2025లో దాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పెంచారు. చట్టం పాఠం ఒక్కటే దించుకుని అందులో లేదు కాబట్టి రూలే లేదు అనుకుంటే పొరపాటు అవుతుంది.

భాష గురించి. ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెట్టి అరబ్బీ పేజీని నేరుగా తెలుగులోకి మార్చకండి, ముందు ఇంగ్లీషులోకి మార్చండి. అరబ్బీ నుంచి ఇంగ్లీషు కొంత నమ్మకంగా వస్తోంది, తెలుగులో వాక్యం కలగాపులగం అయిపోతోంది. అంకెలు, తేదీలు, శాతాలు సాధారణంగా సరిగ్గానే వస్తాయి. ప్రమాదం ఎక్కడంటే "తప్ప", "కాని పక్షంలో", "మినహా" లాంటి చోట్ల, ఒక్క మాట జారితే అర్థం తిరగబడుతుంది. అలాంటి వాక్యం కనబడితే అధికారిక ఇంగ్లీషు అనువాదంలో అదే ఆర్టికల్ నంబర్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు అరబ్బీ వచ్చు కదా, చదివిస్తే పోలా అనుకుంటారు. మనవాళ్లకు వచ్చింది సైటు మీద మాట్లాడే అరబ్బీ, చట్టంలో ఉండే అరబ్బీ అది కాదు, పైగా చాలామందికి చదవడం రాదు. చదివించాలనే ఉంటే అరబ్బీ బడిలో చదువు చెప్పే మౌల్వీ గారి లాంటివారిని అడగండి, ఒక్క ఆర్టికల్ చదివి చెప్పమంటే కాదనరు.

మీ విషయానికి వద్దాం. 36వ నంబర్ చట్టంలో 116వ ఆర్టికల్ తీయండి. అక్కడి సోషల్ ఇన్సూరెన్స్ పెన్షన్ పరిధిలోకి రాని కార్మికుడికి, అంటే మనలాంటి బయటి దేశంవాళ్లకు, పని మానేసినప్పుడు మొదటి మూడేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలని అందులో ఉంది. ఏడాది పూర్తి కాకుండా మిగిలిన నెలలకు కూడా ఆ నిష్పత్తిలో రావాలి. మీ ఆయన కాంట్రాక్టులో బేసిక్ 120 దీనార్లు, మధ్యలో మారలేదు అన్నారు. 2017 మార్చి నుంచి 2024 ఫిబ్రవరి ఆఖరు దాకా ఏడేళ్లు. మొదటి మూడేళ్లకు ఒకటిన్నర నెల, తర్వాతి నాలుగేళ్లకు నాలుగు నెలలు, మొత్తం ఐదున్నర నెలలు, 660 దీనార్లు. జీతం స్లిప్పులో సోషల్ అలవెన్స్ అని విడిగా ఏమైనా ఉంటే అది కూడా కలుస్తుంది, ఒకసారి చూడండి.

నేను 2024 ఫిబ్రవరి దగ్గర ఎందుకు ఆగానో చెప్తాను, మీ కంపెనీ చెప్తున్న సగం నిజం అక్కడే ఉంది. 2023లో 109వ నంబర్‌తో ఒక ఉత్తర్వు వచ్చింది, దాని ప్రకారం 2024 మార్చి 1 నుంచి కంపెనీ ఈ గ్రాట్యుటీ సొమ్మును నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ ఆర్గనైజేషన్‌కి కట్టాలి, పాతవాళ్లు గోసీ అని పిలుస్తారు, అదే ఆఫీసు. మొదటి మూడేళ్ల సర్వీసులో ఉన్నవాళ్లకు జీతంలో 4.2 శాతం, మూడేళ్లు దాటినవాళ్లకు 8.4 శాతం. మీ ఆయనకు అప్పటికే ఏడేళ్లు కాబట్టి 8.4 శాతం లెక్కన కట్టి ఉండాలి. పని మానేశాక ఆ డబ్బు ఆయన ఆ సంస్థ నుంచే తీసుకోవాలి, అంతవరకు కంపెనీ మాట నిజం. కానీ 2024 మార్చికి ముందు ఏడేళ్ల బాకీ కంపెనీదే, అది ఎక్కడికీ పోలేదు. "గవర్నమెంటే ఇస్తుంది" అనే ఒక్క మాటతో ఆ ఏడేళ్లను కూడా తుడిచేస్తున్నారు.

ఇక్కడే చూడండి, 2012 చట్టం ఒక్కటే పట్టుకుని కూర్చుంటే మొత్తం ఎనిమిదేళ్లూ కంపెనీనే అడిగేవాళ్లం, వాళ్లు కొత్త ఉత్తర్వు చూపించి నోరు మూయించేవాళ్లు. కొత్త ఉత్తర్వు గురించిన వార్త ఒక్కటే చదివితే వాళ్లు చెప్పిందే నిజమనుకుని సంతకం పెట్టేవాళ్లం. చట్టం ఎప్పుడు వచ్చిందో చూడటం ఎంత ముఖ్యమో, ఆ తర్వాత దాన్ని ఏం ముట్టుకుందో చూడటం అంతే ముఖ్యం, రెండోది ఎవరూ చేయరు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒమన్ లేబర్ చట్టం అని వెతికితే 2003 నాటి 35వ నంబర్ రాయల్ డిక్రీ, అంటే అక్కడి సుల్తాన్ ఉత్తర్వు, ఇప్పటికీ బోలెడు చోట్ల కనబడుతుంది, 2023లో 53వ నంబర్ డిక్రీతో అది పోయింది, గ్రాట్యుటీ లెక్క కూడా మారింది. యూఏఈది 1980 నాటి 8వ నంబర్ చట్టం, దాని స్థానంలో 2021 నాటి 33వ నంబర్ వచ్చింది, అయినా పాత పీడీఎఫ్‌లు ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. బహ్రెయిన్‌లోనే స్పాన్సర్ లేకుండా సొంతంగా పని చేసుకునే ఫ్లెక్సీ పర్మిట్ అని 2017లో మొదలై 2022లో ఎత్తేశారు, ఇవాళ్టికీ ఫ్లెక్సీ వీసా ఇప్పిస్తామని డబ్బులు అడిగేవాళ్లు ఉన్నారని వింటున్నాను. ఎవరైనా అలా అడిగితే నమ్మొద్దని మీ ఊళ్లో చెప్పండి. వీసాలు, పర్మిట్ల సంగతికి అక్కడ ఎల్‌ఎంఆర్‌ఏ అనే లేబర్ మార్కెట్ రెగ్యులేటరీ అథారిటీ ఉంది, ఏది ఇప్పుడు నడుస్తోందో వాళ్ల సైటులోనే చూడాలి, ఇంకెక్కడా చూడకండి.

మార్పులు ఎలా పట్టుకోవాలంటే, చట్టం నంబర్ తెలిశాక ఎల్‌ఎల్‌ఓసీ సైటులో దాని కింద సవరణలు ఏమున్నాయో చూడండి, తర్వాత ఆ విషయం చూసే శాఖ సైటుకి వెళ్లండి, గ్రాట్యుటీ అయితే సోషల్ ఇన్సూరెన్స్, పర్మిట్ అయితే ఎల్‌ఎంఆర్‌ఏ, జీతం గొడవ అయితే లేబర్ మినిస్ట్రీ. ఆఖర్న వార్తలు. బహ్రెయిన్ ఇంగ్లీషు పత్రికల్లో కొత్త ఉత్తర్వు వస్తే నంబర్‌తో సహా రాస్తారు. ఆ నంబర్ తీసుకుని మళ్లీ ప్రభుత్వ సైటులో వెతకండి. పత్రికలో చదివింది దారి చూపిస్తుంది అంతే, దాన్ని ప్రింటు తీసి కంపెనీకి చూపిస్తే పనికిరాదు.

లా ఆఫీసుల వ్యాసాల గురించి నా అభిప్రాయం ఇది. వాటిని తీసిపారేయక్కర్లేదు, కొందరు చాలా బాగా రాస్తారు, ఆర్టికల్ నంబర్లు కూడా ఇస్తారు. కానీ అవి ఎక్కువగా కంపెనీల యజమానుల కోసం రాసినవి, కార్మికుడికి ఏం రావాలో అడుగున ఎక్కడో ఒక లైను ఉంటుంది. తేదీ లేని వ్యాసం అయితే అసలు చదవకండి. ఏఐ యాప్‌లను అడిగి తెలుసుకున్నామని కూడా ఈమధ్య చాలామంది అంటున్నారు. ప్రశ్న ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి, ఒక ఆర్టికల్‌ని తేలిక మాటల్లో చెప్పించుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ అది చెప్పిన నంబరూ ఆర్టికలూ ప్రభుత్వ సైటులో మీ కళ్లతో చూసేదాకా ఎవరికీ చెప్పకండి. చిన్న దేశాల దగ్గర అది పక్క దేశం రూలు తెచ్చి అతికించేయడం నేను చాలాసార్లు చూశాను.

ఏదైనా దించుకున్నప్పుడు ఏ సైటు నుంచి, ఏ తేదీన తీసుకున్నారో ఫైలు పేరులోనే రాసిపెట్టుకోండి, తర్వాత ఆ పేజీ మారిపోయినా మాయమైపోయినా మీ దగ్గర ఆధారం ఉంటుంది. పేజీ అప్పటికే పోయి ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా కొట్టి చూడండి, చాలాసార్లు దొరుకుతుంది.

కోర్టు తీర్పులు వెతకాలా అని అడిగారు. మన దగ్గర ఇండియన్ కానూన్‌లో తీర్పులు చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఈ అనుమానం వస్తుంది. మీకు అక్కర్లేదు. గల్ఫ్ దేశాల్లో మన దగ్గరలాగా పాత తీర్పు మీద కేసు నిలబడటం తక్కువ, రాసి ఉన్న ఆర్టికల్‌కే బలం ఎక్కువ. మీ కేసులో ఆర్టికల్ స్పష్టంగా ఉంది, నంబర్లు స్పష్టంగా ఉన్నాయి.

ఇప్పుడు టెన్షన్ పడకుండా చేయాల్సింది. ఆ కాగితం మీద మీ ఆయన్ని ఇప్పుడే సంతకం పెట్టొద్దనండి. ఫోటో తీసి పంపమనండి, అందులో "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అనే అర్థం వచ్చే లైను ఉందేమో చూడాలి. జీతం స్లిప్పులు, కాంట్రాక్టు, బ్యాంకు స్టేట్‌మెంట్, సీపీఆర్ కార్డు, అంటే బహ్రెయిన్ గుర్తింపు కార్డు, రెండు వైపులా, అన్నీ మీ ఫోన్‌లో కూడా ఉండాలి, ఆయన ఫోన్‌లో మాత్రమే ఉంటే చాలదు. సోషల్ ఇన్సూరెన్స్‌లో తన పేరున కంపెనీ నెలనెలా కట్టిందో లేదో ఆయన అక్కడ ఉండగానే చూసుకోవాలి. బహ్రెయిన్ చట్టంలో కాంట్రాక్టు ముగిసిన రోజు నుంచి ఏడాది లోపే కార్మికుడు తన బాకీ కోసం కేసు వేసుకోవాలి, ఆ గడువు దాటితే హక్కు ఉన్నా లేనట్టే. కేసు వేసే కార్మికుడికి కోర్టు ఫీజు కూడా లేదు, అదే చట్టంలో ఉంది, కాబట్టి "కేసు వేయాలంటే లక్షలవుతాయి" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి. ఇంటికి వచ్చేసి తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు, ఇక్కడికి వచ్చాక పండగలు, ఇంటి పని, పిల్లల చదువులు, చూస్తుండగానే ఏడాది అయిపోతుంది.

తప్పనిసరిగా బయలుదేరాల్సి వస్తే అక్కడే నమ్మకమైన మనిషికో లాయర్‌కో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి. ఇక్కడి నుంచి చేయించడం కూడా కుదురుతుంది, నోటరీ, ఆపైన కాగితం అసలుదేనని విదేశాంగ శాఖ వేసే ముద్ర (అపోస్టిల్), అరబ్బీ అనువాదం, బాగా తిరగాలి. మనామాలో మన ఎంబసీ ఉంది, ముందు వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి, మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి, అది విదేశాంగ శాఖది, నంబర్ వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. ఫిర్యాదులో "న్యాయం చేయండి" అని పేజీలు రాయకండి. చేరిన తేదీ, బేసిక్ ఎంత, 2012 నాటి 36వ నంబర్ చట్టం 116వ ఆర్టికల్ ప్రకారం 2024 ఫిబ్రవరి దాకా రావాల్సింది ఇంత, కంపెనీ ఇలా అంటోంది, అంతే. చట్టం నంబర్‌తో వచ్చిన కాగితాన్ని చూసే తీరే వేరుగా ఉంటుంది, అవతలి ఆఫీసులో కూర్చుని ఇది నేను చాలాసార్లు చూశాను.

శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది కదా, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. వాళ్లకు బహ్రెయిన్ చట్టం తెలియకపోవచ్చు, కానీ పవర్ ఆఫ్ అటార్నీ రాయించడానికి, ఆ ఏజెంటుకు అసలు లైసెన్సు ఉందో లేదో తేల్చడానికి సాయం చేస్తారు. లైసెన్సు సంగతి విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో మీరే చూడొచ్చు, పేరు కొడితే వస్తుంది.

ఈ సమాధానం చదివే మిగతావాళ్లలో వేరే దేశాల్లో మనుషులున్నవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఇంకొంచెం చెప్తాను. ఖతార్ అయితే అల్ మీజాన్ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది, అరబ్బీ, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి, నాకు తెలిసినవాటిలో అది చాలా బాగుంటుంది, చట్టం పేజీలోనే గెజిట్ వివరాలు, సవరణలు కనబడతాయి. అక్కడ 2004 నాటి 14వ నంబర్ చట్టం చూడండి, 54వ ఆర్టికల్‌లో గ్రాట్యుటీ ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్ అని ఉంటుంది. సింగపూర్ వెళ్లినవాళ్లకు ఇంత బాధ లేదు, సింగపూర్ స్టాట్యూట్స్ ఆన్‌లైన్‌లో అంతా ఇంగ్లీషే, పైగా ఏ తేదీన చట్టం ఎలా ఉందో వెనక్కి వెళ్లి చూసుకునే సదుపాయం కూడా ఉంది. షిప్‌యార్డుల్లో దెబ్బ తగిలినవాళ్లు అక్కడ 2019 నాటి వర్క్ ఇంజురీ కాంపెన్సేషన్ యాక్ట్ వెతకాలి. ఒమన్‌కి డిక్రీ డాట్ ఓఎం అని ఇంగ్లీషు అనువాదాల సైటు ఉంది, ప్రైవేటుదే గానీ ఓపిగ్గా చేస్తున్నారు. ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకు మాత్రం చాలా దేశాల్లో మామూలు లేబర్ చట్టం వర్తించదు, విడిగా ఉంటుంది, కువైట్‌లో 2015 నాటి 68వ నంబర్, ఖతార్‌లో 2017 నాటి 15వ నంబర్. బహ్రెయిన్‌లో మామూలు చట్టంలోనే కొన్ని ఆర్టికల్స్ మాత్రం వాళ్లకు వర్తిస్తాయని రెండో ఆర్టికల్ చెప్తుంది, ఆ జాబితాలో 116 ఉంది.

ఓడల మీద పనిచేసే కుర్రాళ్ల సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే వాళ్లకు ఏ దేశం చట్టం వర్తిస్తుందో కూడా ఎవరూ చెప్పరు. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి ఎంతోమంది వెళ్తున్నారు. ఓడ ఓనర్ గ్రీసువాడు కావచ్చు, ఏజెన్సీ ముంబయిది కావచ్చు, కానీ ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే ప్రధానంగా ఆ దేశం చట్టం. ఓడ వెనక రాసి ఉండే ఊరి పేరు చూడండి, మజురో అని ఉంటే మార్షల్ ఐలాండ్స్, మన్రోవియా అయితే లైబీరియా, వలెట్టా అయితే మాల్టా. మార్షల్ ఐలాండ్స్ పసిఫిక్ సముద్రంలో యాభై వేల మంది కూడా లేని దేశం, అయినా ప్రపంచంలో పెద్ద ఓడల రిజిస్ట్రీల్లో అదొకటి. ఆ దేశం చట్టాలు పాక్‌లీ (PacLII) అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి, యూనివర్సిటీ ఆఫ్ సౌత్ పసిఫిక్ వాళ్లు వనువాటు నుంచి నడుపుతారు, ఫిజీ, సమోవా, టోంగా లాంటి చిన్న దేశాలన్నీ అందులోనే. ఓడ రిజిస్ట్రీ వాళ్ల సొంత సైటులో కూడా 1990 నాటి మారిటైమ్ యాక్ట్, దాని కింద రూల్స్ ఉంటాయి. ఓడ కార్మికుల హక్కుల కోసం దేశాలు చేసుకున్న మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే ఒప్పందాన్ని ఒప్పుకున్న దేశం జెండా అయితే 2017 జనవరి నుంచి ఓనర్ ఓడను వదిలేసి పోయినా నాలుగు నెలల దాకా జీతం బాకీకి, ఇంటికి చేర్చే ఖర్చుకి ఇన్సూరెన్సు ఉండి తీరాలి, ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేలా అతికించాలి. రెండు నెలలు జీతం రాకపోతే వదిలేసినట్టే లెక్క. ఓడ ఎక్కిన వెంటనే ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇంటికి పంపమని మీ పిల్లలకు చెప్పండి, అందులో ఇన్సూరెన్సు కంపెనీ పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి.

ఆఫ్రికా వైపు సేషెల్స్ దీవులకు వెళ్లినవాళ్లు సేలీ (SeyLII) అనే సైటు వెతకండి, చట్టాలూ తీర్పులూ ఉంటాయి. మాల్దీవుల్లో 2008 నాటి 2వ నంబర్ ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్‌కి ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది, సవరణలు మాత్రం ఎక్కువ దివేహీ భాషలోనే ఉంటాయి కాబట్టి అక్కడి అటార్నీ జనరల్ ఆఫీసు సైటులో నంబర్ పట్టుకుని చూసుకోవాలి.

అమ్మా, ఈ రాత్రే మీ ఆయనతో మాట్లాడి సంతకం సంగతి చెప్పండి. తర్వాత కాంట్రాక్టు మొదటి పేజీ, ఆఖరి మూడు నెలల స్లిప్పులు, కంపెనీ ఇచ్చిన కాగితం ఫోటో చూసి చేరిన తేదీ, బేసిక్, అలవెన్సులు మాత్రం ఇక్కడ రాయండి, పేర్లూ కార్డు నంబర్లూ రాయొద్దు. 36వ నంబర్ చట్టం మీరే దించి 116వ ఆర్టికల్ చదవండి, ఏ లైను అర్థం కాకపోతే ఆ లైను అడగండి, చెప్తాను.